ఐఈఎల్‌టీఎస్ లెటర్‌లో నా ఏడుపు

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మొదటిసారి జనరల్ ట్రైనింగ్ రకం రాసినప్పుడు మిగతా మూడు భాగాల్లో గట్టెక్కాను, రైటింగ్ మాత్రం 6 దగ్గర ఆగింది. కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం నేను పెట్టుకున్న సీఎల్‌బీ 9, అంటే కెనడా వాళ్ల భాషా కొలమానంలో తొమ్మిదో స్థాయి, అందుకోవాలంటే రైటింగ్‌లో 7 రావాలి. రైటింగ్‌లో ఒక లెటర్, ఒక ఎస్సే రాయాలి. లెటర్ కంటే ఎస్సేకి వెయిటేజీ రెట్టింపు కదా, తప్పంతా అక్కడే ఉందనుకున్నాను. తర్వాత నా ప్రాక్టీస్ లెటర్లు తీసి చదువుకుంటే నవ్వూ సిగ్గూ రెండూ వచ్చాయి.

'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని స్కూల్లో లీవ్ లెటర్ రాసిన చెయ్యి కదా మనది! ఎవరికి ఏం రాసినా కాళ్లావేళ్లా పడటమే. ఇంట్లో హీటర్ పాడైందని ఓనర్‌కి రాయమంటే నేను రాసింది ఇదీ: 'మై పూర్ ఓల్డ్ మదర్ ఈజ్ సఫరింగ్ వెరీ బ్యాడ్లీ. అవర్ కండిషన్ ఈజ్ పథెటిక్.' డిక్షనరీలో పథెటిక్ అంటే దయనీయం అనే ఉంటుంది. కానీ ఇంగ్లిష్ వాళ్ల రోజువారీ మాటల్లో ఆ పదానికి వెటకారం పాలే ఎక్కువ. జాలి కోసం రాస్తే మనల్ని మనమే ఛీ అనుకున్నట్టవుతుంది.

మా కోచింగ్ సార్ దాన్ని కొట్టేసి ఒకటే అడిగారు: "ఆవిడ వయసెంత? రాత్రిళ్లు ఎలా పడుకుంటోంది?" అప్పుడు రాశాను: 'మై మదర్, హూ ఈజ్ 72, హ్యాజ్ స్లెప్ట్ ఇన్ హర్ కోట్ సిన్స్ మండే.' పాపం అన్న మాటే లేదు, అయినా కోటు కప్పుకుని ముడుచుకున్న ముసలావిడ కళ్లకు కడుతోంది.

ఇంకో నష్టం కూడా చూడండి. లెటర్‌కి 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు, ప్రశ్నలో ఇచ్చిన మూడు పాయింట్లు రాయాలి. నా ఏడుపుకే సగం పోయేది. ఓనర్ ఏం చేయాలో చెప్పే మూడో పాయింట్‌కి 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' ఒక్కటే మిగిలేది. ఇప్పుడైతే 'ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ సమ్‌వన్ బై ఫ్రైడే' అని సూటిగా అడుగుతాను.

ఫ్రెండ్‌కి రాసే లెటర్‌లో ఇంకా ఘోరం. కాలు విరిగినవాడికి 'ఐ యామ్ డీప్లీ గ్రీవ్డ్' అని రాశాను, సంతాపసభలో మాట్లాడినట్టు! 'ఐ వాజ్ సో సారీ టు హియర్ అబౌట్ యువర్ లెగ్' అంటే చాలు.

రెండోసారి 7 వచ్చింది. లెటర్‌లో వివరాలు కల్పించుకోవచ్చు, భయపడకండి. ఏలూరులో ఉండే మా అమ్మకి అసలు కోటే లేదు.