కోడలు పెట్టిన హుక్కులు

క్యాన్సర్ వైద్యాన్ని రోగులపై పరీక్షించి చూసే ట్రయల్‌లో నేను రీసెర్చ్ నర్సును. ఈరోజు మా ఆసుపత్రి డేకేర్‌కు ట్రయల్‌లో ఉన్నవాళ్ళు ఇద్దరు వచ్చారు, చేరాలా వద్దా అని అడగడానికి మరొకాయన వచ్చారు. మొదటామెకు మందు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ నియమావళిలో, ఉన్న వేళల ప్రకారం మరికొన్నిసార్లు రక్తం తీయాలి. కీమోలతో నరాలు గట్టిపడిపోయాయి కనుక చేతికి వేడి గుడ్డ చుట్టి, మందు ఎక్కని రెండో చేతికి క్యాన్యులా (రక్తం తీసే సన్న గొట్టం) పెట్టాను. తీసిన ప్రతి ట్యూబునూ మెల్లగా తలకిందులు చేసి, మంచులో పెట్టి, ఆ క్షణాన గడియారం చూపిన నిమిషాన్నే రాశాను.

రెండో ఆవిడది నల్లగొండ వైపు పల్లె. రొమ్ము క్యాన్సర్‌కు ప్రతి వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తీసుకుంటున్నారు. ఎలా ఉన్నారమ్మా అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అన్నారు. చేతుల్లో తిమ్మిర్లున్నాయా అంటే "కొద్దిగ" అని ఊరుకున్నారు. అక్కడితో ఆపితే ఫారంలో మొదటి గ్రేడు పడుతుంది, అంటే మందు దుష్ప్రభావం స్వల్పమేనని. అందుకే బియ్యం ఏరుతున్నారా, చెంబు జారిపోతోందా, జాకెట్టు హుక్కులు మీరే పెట్టుకుంటున్నారా అని ఒక్కొక్కటిగా అడిగాను. చివరి ప్రశ్నకు ఆమె పక్కనున్న కోడలి వైపు చూసి, "ఇదే పెడ్తది" అన్నారు. వంటకూ బజారు పనికీ తిమ్మిర్లు అడ్డుపడితే రెండో గ్రేడు. బట్టలు కట్టుకోవడం, అన్నం కలుపుకోవడం వంటి సొంత పనులకే అడ్డుపడితే మూడో గ్రేడు. గ్రేడు నిర్ణయించవలసింది డాక్టరుగారే అయినా, నేను అడిగి తెలుసుకోని సంగతి ఆయన దాకా చేరదు. ఆయన వచ్చి పరీక్షించి ఈ వారం మందు ఆపారు. బాధ ఉందంటే పేరు కొట్టేస్తారేమోనని ఆవిడ ఇన్నాళ్ళూ ఓర్చుకున్నారట. అది విని నాకు చాలా బాధ కలిగింది.

రీసెర్చ్ నర్సు అంటే కాగితాల పనే కదా అని మా బంధువులు అంటారు. కాగితాలు ఉన్నమాట నిజమే కానీ, రోగి నోటి నుంచి నిజం వచ్చేదాకా పక్కన కూర్చోకపోతే ఆ కాగితాలకు విలువ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మధ్యాహ్నం వచ్చిన పెద్దాయనకు చదువు రాదు. నిబంధనల ప్రకారం ట్రయల్‌తో సంబంధంలేని సాక్షిని కూర్చోబెట్టి, తెలుగు సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపించి, ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగదని మళ్ళీ చెప్పాను. "మీరు పెట్టుమన్నకాడ వేలిముద్ర పెడ్త సిస్టరమ్మా" అన్నారు. నేను ప్యాడ్ తీయలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాలు వేసినప్పుడు ఎంతోమంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేసిన సంగతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదే, అడగవలసిన తల్లిదండ్రులను అడగకపోవడమే అన్యాయం. అందుకే పత్రం ప్రతినీ ఫోన్ నంబరునూ ఆయన చేతిలో పెట్టి, ఊరికి వెళ్ళి కొడుకుతో మాట్లాడి రమ్మన్నాను.

రేపు ట్రయల్ సరిగ్గా నడుస్తోందో లేదో తనిఖీ చేసే మానిటర్ వచ్చి, ఈ వారం కొత్తవాళ్ళు ఎందుకు చేరలేదని అడిగితే అదే చెబుతాను. పెద్దావిడ గ్రేడు మారిన కారణాన్ని ఆమె మాటల్లోనే సోర్స్ నోట్స్‌లో (రోగి అసలు రికార్డులో) రాసి, డాక్టరుగారి సంతకం తీసుకున్నాకే బయలుదేరాను.