సంపు దగ్గర తేలిన నిజం: మా నల్లా నీటిని పరీక్ష చేయించిన అనుభవం

హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటులో ఒక వానాకాలం వరసగా కొన్ని ఇళ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆ వెనుకే మూడో అంతస్తులోని పిల్లవాడికి పచ్చకామెర్లు వచ్చాయి. రక్తపరీక్షలో హెపటైటిస్ ఏ అని తేలింది. మలంతో కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల సోకే వైరసు అది. అందుకే డాక్టరు గారు ఆ పిల్లవాడి తల్లిని ముందుగా అడిగిన ప్రశ్న, మీరు తాగే నీళ్లెక్కడివని. మా భవనంలో ఆ ప్రశ్నకు పూర్తి జవాబు తెలిసినవారెవరూ లేరు. మంజీరా నీళ్లేనని, అంటే నగరం సరఫరా చేసే నల్లా నీళ్లేనని కొందరన్నారు, వేసవిలో మొదలైన బోరు ఇప్పటికీ అదే సంపులోకి, అంటే నేలకింది నీటితొట్టిలోకి పోతోందని వాచ్‌మన్ చెప్పాడు, ఇంట్లో నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రం ఉంది కదా అని మరికొందరు నిశ్చింతగా ఉన్నారు. రెండో అంతస్తులో పురుడు దగ్గరపడిన అమ్మాయి ఉంది. హెపటైటిస్ ఈ అనే మరో రకం కామెర్లు గర్భిణులకు ప్రాణాంతకం కాగలవని తెలిసి ఉండటంతో, ఇక ఊహలతో రోజులు గడపకూడదని అసోసియేషన్ సమావేశంలో గట్టిగా చెప్పి, నీటిని పరీక్ష చేయించే బాధ్యత నేనే తీసుకున్నాను.

సమావేశం ముగియకముందే ఎవరో నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు తెచ్చి గ్లాసులో ముంచారు. అంకె మూడు వందలకు లోపే చూపించింది. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు కరిగిన లవణాలు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. ఆ అంకె చూసి నీళ్లు మంచివేనని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నాకు అక్కడే ఎక్కువ భయం వేసింది. ఆ మీటరు నీటి విద్యుద్వాహకతను కొలిచి అందులో లవణాలెన్నో అంచనా వేస్తుందే తప్ప, సూక్ష్మక్రిములను చూడలేదు. మురుగు కొద్దిగా కలిసినా ఆ అంకెలో పెద్ద మార్పు కనిపించదు. సీసమో ఆర్సెనికో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితేనే ప్రమాణం ఒప్పుకోదు, అంత సూక్ష్మమైన మోతాదు ఆ మీటరుకు అసలే అందదు. ఇళ్లలో నీటి మంచిచెడ్డలను ఆ ఒక్క అంకెతో తేల్చుకోవడం ఎంత ప్రమాదకరమో ఆ రోజు అర్థమైంది.

వ్యాధికారక క్రిముల విషయంలో అదే ప్రమాణం చాలా కఠినంగా ఉంటుంది. తాగునీటి నమూనా ఏదైనా సరే, 100 మిల్లీలీటర్లలో మలం ద్వారా నీటిలో చేరే ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. నీరు నల్లాకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో ఎక్కడైనా కొంచెం మురుగు చేరితే ఆ మిగులు క్లోరినే కాపాడుతుంది. కాబట్టి క్లోరిన్ ఎక్కడిదాకా ఉండి, ఎక్కడ మాయమవుతోందో కనిపెడితే లోపం ఎక్కడుందో దాదాపుగా తెలిసిపోతుందని అనిపించింది. నా పరీక్షలన్నీ ఆ ఆలోచన మీదే నడిచాయి.

నగర నీటి సరఫరా సంస్థ జలమండలి కస్టమర్ కేర్ 155313కు ఫోన్ చేసి, నీళ్లు వాసన వస్తున్నాయని, కొందరు జబ్బు పడ్డారని ఫిర్యాదు నమోదు చేయించాను. లైన్‌మన్ వచ్చినప్పుడు నీళ్లు వదిలే వేళకే రమ్మని కోరాను. అందుకు కారణం ఉంది. మన నగరాల్లో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగు నిలిచి ఉండి, పైపుకు ఎక్కడైనా పగులో, వదులైన జాయింటో ఉంటే, ఆ మురుగు లోపలికి లాగేసుకోబడుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి నిమిషాల్లో వచ్చేది ఆ మురికే. 2009 మే నెలలో మా నగరంలోనే భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒడిశాలోని పూరీ పట్టణం 2021 నుంచి ఇరవైనాలుగు గంటలూ నల్లా నుంచే తాగగలిగే నీటిని ఇవ్వడానికి ప్రయత్నించడంలో అసలు బలం ఇదే. పైపు ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో ఉంటే బయటి మురుగుకు లోపలికి దారి దొరకదు.

లైన్‌మన్ మా గేటు దగ్గరి నీటి మీటరు వద్ద, సంపులో పడకముందే, మొదటి ధారను ఒకసారి, కాసేపటి తర్వాత మరోసారి పట్టి, చిన్న గొట్టంలో మందుచుక్కలు వేసి చూపించాడు. రెండుసార్లూ నీరు పసుపురంగుకు తిరిగింది. క్లోరిన్ ఉందన్నమాట. తర్వాత సంపు మూత తీసి అదే పరీక్ష చేస్తే రంగు రాలేదు. "మేడమ్, ఇక్కడిదాకా నీళ్లు మంచిగనే వస్తున్నయి. మీ సంపు ఖాళీ చేపించి చూడుండ్రి," అన్నాడు. ఆ పరీక్షకు వాడిన నీటిని వెంటనే పారబోయించాడు, ఆ మందు ఒంటికి మంచిది కాదు. ఆ తర్వాత మేము సొంతంగా కొన్న కిట్ డీపీడీ అనే మరో రసాయనంతో పనిచేస్తుంది. క్లోరిన్ ఉంటే నీరు గులాబీరంగుకు మారుతుంది.

రంగు చూసి అంచనాకు రావచ్చు గాని, ఇరవై కుటుంబాల చేత డబ్బు ఖర్చు పెట్టించాలంటే కాగితం మీద ఆధారం కావాలి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటి పరీక్షలు చేస్తారు. ప్రయోగశాలలను పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలు కూడా నగరంలో ఉన్నాయి. మేము ఒక ప్రైవేటు ప్రయోగశాలకు వెళ్లాం. ఆ గుర్తింపు ఫలానా పరీక్షకు వర్తిస్తుందా లేదా అన్నది ముందే అడగాలి, ఎందుకంటే అది ప్రయోగశాల మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు, ఒక్కో పరీక్షకు విడిగా ఇచ్చేది.

నమూనా పట్టే పద్ధతిలో తేడా వస్తే ఫలితానికి విలువ ఉండదు కనుక దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. క్రిముల పరీక్షకు ప్రయోగశాలవారే శుద్ధి చేసిన సీసా ఇస్తారు. అందులో సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా ఉంటుంది, నీటిలోని క్లోరిన్‌ను అది అక్కడికక్కడే ఆపేస్తుంది. లేకపోతే దారిలో క్లోరిన్ క్రిములను చంపుతూనే ఉండి, నీరు ఉన్నదానికన్నా శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే ఆ సీసాను కడగకూడదు. నల్లాకున్న జాలీ విప్పి, మూతిని స్పిరిటుతో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక, సీసా అంచుకు వేలు తగలకుండా, పైన కొంచెం ఖాళీ ఉంచి పట్టాలి. వెంటనే ఐసుపెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా ఇరవైనాలుగు గంటల్లోపు అందజేయాలి. రసాయన పరీక్షలకు వేరే డబ్బా వాడతారు. దాన్ని మాత్రం అదే నీటితో మూడుసార్లు తొలచాలి. సీసం అనే లోహాన్ని పరీక్షించడానికి మళ్లీ పద్ధతి వేరు. రాత్రంతా పైపులో నిలిచిన నీటిలోనే అది ఎక్కువగా చేరుతుంది కాబట్టి, తెల్లవారి మొట్టమొదటి ధారనే పట్టాలి.

సీసం ప్రస్తావన మా ఇళ్లలో ఏలూరు వల్ల వచ్చింది. 2020 డిసెంబరులో అక్కడ వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షించిన రక్తనమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. అప్పటినుంచి నీళ్లంటే సీసం గుర్తొస్తుందని ఒక పెద్దాయన పట్టుబట్టారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. పాత పీవీసీ పైపుల తయారీలో సీసపు సమ్మేళనాలు వాడేవారు, వాటిని కట్టడి చేస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఇత్తడి నల్లాల నుంచి కూడా సీసం కొంత కరుగుతుంది. మా నమూనాల్లో అది పరిమితికి లోపే ఉందని వచ్చాక ఆయన మనసు కుదుటపడింది.

క్రిముల ఫలితాలు మాత్రం మమ్మల్ని నిలవనివ్వలేదు. మీటరు దగ్గరి నీటిలో ఏమీ లేదు. సంపులో, పైట్యాంకులో, రెండు వంటిళ్ల నల్లాల్లో ఈ-కోలి ఉంది. అంటే మలం ఇటీవలే కలిసిందని అర్థం. ఒక ఇంటి ఆర్‌ఓ నుంచి వచ్చిన నీటిలో ఈ-కోలి లేకపోయినా ఈ-కోలి కూడా చేరే పెద్ద బ్యాక్టీరియా వర్గమైన కోలిఫాం కనిపించింది. ఆర్‌ఓ పొర క్రిములను ఆపుతుంది గాని, ఆ తర్వాత నీరు నిలిచే చిన్న ట్యాంకులో క్లోరిన్ రక్షణ ఉండదు. ఫిల్టర్లు సమయానికి మార్చకపోతే క్రిములు అక్కడే పెరుగుతాయి. అదీగాక ఆర్‌ఓ వృథాగా బయటికి వదిలే నీరు తక్కువేమీ కాదు. టీడీఎస్ 500 దాటని చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కూడా.

సంపు ఖాళీ చేయించాక లోపలికి దిగినవారు తూర్పుగోడ అడుగున చెమ్మ ఊరుతూ ఉండటం చూశారు. ఆ గోడకు అవతల కొద్ది అడుగుల దూరంలోనే మా డ్రైనేజీ ఛాంబరు ఉంది. సందేహం తీర్చుకోవడానికి ప్లంబరు ఛాంబరులో ముదురు రంగు కలిపిన నీరు పోశాడు. మరునాటి ఉదయానికి సంపుగోడ మీద ఆ రంగు చార కనిపించింది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీరు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు వంద కిలోమీటర్లకు పైగా వచ్చి, వడపోతకు గురై, క్లోరిన్ కలిసి, మా గేటు దాకా క్షేమంగా చేరుతోంది. గేటు దాటాక ఉన్న కాస్త దూరంలో, మా సొంత గోడల మధ్య, అది పాడవుతోంది. నగరం నీళ్లు మంచివా కావా అని అందరం ఎంతో చర్చిస్తాం గాని, మన సంపును ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారని అడగం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

బోరు నీటి నివేదిక మరో చిక్కు తెచ్చింది. అందులో నైట్రేటు పరిమితిని దాటింది. ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదు, ఇందులో సడలింపు లేదు. దశాబ్దాలుగా మురుగు ఇంకిన నగరాల భూగర్భజలంలో ఇది తరచుగా కనిపించేదే. సీసాపాలు తాగే పసిపిల్లల రక్తంలో ఇది ఆక్సిజన్ ప్రసరణను దెబ్బతీసి, ఒళ్లు నీలం తిరిగేలా చేస్తుంది. కాచి ఇస్తే సరిపోతుందని కొందరు తల్లులు అన్నారు. కాచితే క్రిములు చస్తాయి, నీరు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు. కానీ నైట్రేటు పోదు సరికదా, నీరు ఆవిరైపోయేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. కాచడమొక్కటే అన్నిటికీ మందు కాదని ఆ తల్లులకు నివేదిక పట్టుకుని ఇంటింటికీ వెళ్లి చెప్పాను.

సంపు గోడకు లోపలా బయటా మరమ్మతు చేయించి, ఛాంబరును దూరంగా కట్టించి, అడుగు బురద తీయించి, గోడలు రుద్దించాం. తర్వాత శుద్ధి. ఇరవై వేల లీటర్ల సంపును లీటరుకు 50 మిల్లీగ్రాముల మోతాదుతో శుద్ధి చేయాలంటే ఒక కిలో క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడరులో నాలుగో వంతు క్లోరిన్ ఉందనుకుంటే నాలుగు కిలోల పౌడరన్నమాట. పౌడరు పాతబడితే బలం తగ్గుతుంది కాబట్టి సీలు తీయని కొత్తదే తెప్పించాం. ఆ నీటిని పైట్యాంకుకు ఎక్కించి, ప్రతి ఇంట్లో నల్లా నుంచి ఘాటు వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా పైపుల్లోనే నిలిపి, పొద్దున పారబోయించాం. ఆ నీటిని తాగవద్దని, వంటకు వాడవద్దని ప్రతి తలుపుకూ కాగితం అంటించాం.

ఇంత క్లోరిన్‌తో క్యాన్సరు వస్తుందేమోనని ఒకరిద్దరు ఆందోళన పడ్డారు. నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు ట్రైహాలోమీథేన్లనే రసాయనాలు ఏర్పడతాయన్నది నిజమే. ప్రమాణంలో వాటికీ పరిమితులు ఉన్నాయి, వాటిలో ఒకటైన క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. అయితే వాటికి భయపడి క్రిముల శుద్ధిని మాత్రం తగ్గించవద్దన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల సారాంశం. పిల్లవాడి కామెర్లు కళ్లెదుట చూశాక ఆ మాట ఒప్పించడానికి నేనెక్కువ శ్రమపడనక్కర లేకపోయింది.

ఇప్పుడు బోరును తాగునీటి సంపు నుంచి వేరు చేశాం. అది మరుగుదొడ్లకు, మొక్కలకు మాత్రమే. వాచ్‌మన్ ప్రతి ఉదయం ఐదో అంతస్తు నల్లా దగ్గర క్లోరిన్ చూసి పుస్తకంలో రాస్తాడు. 0.2కు తగ్గితే పౌడరును బకెట్టులో కలిపి, పైన తేరిన నీటినే సంపులో పోసి, అరగంట దాకా మోటారు వేయడు. వానలు మొదలయ్యాక హెచ్‌టూఎస్ సీసాలు కూడా వాడుతున్నాం. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. నీరు పోసి గది వేడిలో ఉంచితే, మలకాలుష్యం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. మరమ్మతు తర్వాత పంపిన నమూనాల్లో ఈ-కోలి కనిపించలేదు. మీటరు నుంచి సంపు దాకా వచ్చే మా సర్వీసు పైపు మాత్రం ఇంకా పాత జీఐ పైపే (జింకుపూత ఇనుప పైపు), వాననీటి కాలువ కిందుగానే పోతోంది. దాన్ని పైకెత్తి మార్చడానికి ప్లంబరు అంచనా ఇచ్చాడు, వచ్చే సమావేశంలో మొదటి అంశం అదే.