ఫ్లెక్సీ కోసం దించిన క్రాకూ, వారం రోజుల కంప్యూటర్ శుద్ధీ

గురువారం రాత్రి

మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది, ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్, పార్టులు తెచ్చుకుని నేనే బిగించుకున్నది, అంచేత దాని ఫ్యాన్ చప్పుడు నాకు బాగా తెలుసు. నాలుగు రోజుల నించీ ఎవరూ ముట్టుకోకపోయినా చెరువులో ఏరియేటర్ తిరిగినట్టు తిరుగుతోంది. టాస్క్ మేనేజర్ తెరవగానే టక్కున తగ్గిపోతుంది, సీపీయూ 4 శాతమే అంటూ ఏమీ ఎరగనట్టు చూపిస్తుంది, మూసేసిన నిమిషానికి మళ్ళీ గుయ్యిమంటూ మొదలు. మూడుసార్లు తెరిచి మూశా, మూడుసార్లూ ఇదే వరస. మన కరెంటుతో ఎవరో దొంగలకి క్రిప్టో కాయిన్లు తవ్విపెట్టే ప్రోగ్రాములు కొన్ని టాస్క్ మేనేజర్ కనపడితే చాలు నక్కి కూర్చుంటాయి, అది తెలుసు కాబట్టి అక్కడే గుండె జారింది. ఈలోగా ఫోన్‌కి మెయిల్, నా ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎవరో కొత్త డివైస్ నించి లాగిన్ అయ్యారని.

ఎక్కడ అంటించుకున్నానో వెతుక్కోవక్కర్లేదు. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీ నేనే చేస్తానని అక్క దగ్గర బడాయి పోయి, ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దించా. జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ 1234, లోపల ఒక టెక్స్ట్ ఫైలు, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపెయ్యమని. ఆ పాస్‌వర్డ్ పెట్టేది స్కానర్ లోపలికి చూడకుండా ఉండటానికే, అది తెలిసీ ఆపాను. తీరా ఆ సాఫ్ట్‌వేర్ ఓపెనే అవలేదు.

ఇంటర్నెట్ వచ్చే లాన్ కేబుల్ పీకేసి పడుకున్నా. పడుకున్నానంటే మంచం ఎక్కానంతే.

శుక్రవారం

మనకి ముందు స్కాన్ చెయ్యాలనిపిస్తుంది గానీ, ముందు చూసుకోవాల్సింది అకౌంట్లు. అవి కూడా ఆ కంప్యూటర్లో కాదు, అందులో కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొడితే ఆ దొంగ చేతికి మనమే ఇచ్చినట్టు. తమ్ముడి లాప్‌టాప్ అడిగి తెచ్చా. మొదట జీమెయిల్, ఎందుకంటే మిగతా వాటన్నిటికీ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" లింకు వచ్చేది అక్కడికే. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్, మిగతావి.

ఇన్‌స్టాగ్రామ్‌కి ఓటీపీ పెట్టే ఉంది, అయినా వాడికి ఓటీపీ అడగలేదు, అదేంటా అని బుర్ర గోక్కున్నా. ఒకసారి లాగిన్ అయ్యాక మళ్ళీ మళ్ళీ అడక్కుండా బ్రౌజర్ ఒక కుకీ దాచుకుంటుంది కదా, అది ఎత్తుకెళ్ళి వాడి బ్రౌజర్లో పెట్టుకుంటే తలుపు తీసే ఉన్నట్టే. అందుకే పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకుండా డివైసుల లిస్టులోకి వెళ్ళి ఒక్కొక్కటీ సైన్ అవుట్ కొట్టాలి. జీమెయిల్లో ఇంకోటి కూడా చూడాలి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు. మన మెయిల్స్ కాపీ ఇంకెక్కడికైనా పోతోందేమో, బ్యాంకు మెయిల్స్ మనకి కనపడకుండా ట్రాష్‌లోకి వెళ్ళే రూల్ ఏమైనా పెట్టాడేమో అని. ఇది ఫోన్ యాప్‌లో కనపడదు, బ్రౌజర్లోనే చూడాలి. నావి శుభ్రంగానే ఉన్నాయి. బ్యాంకులో డబ్బులూ కదల్లేదు, కదిలుంటే ఇవన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేవాణ్ణి.

శనివారం

సిస్టం ఆన్ చేశా, కేబుల్ లేకుండా. విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో క్విక్ స్కాన్, ఏమీ లేదంది. ఫుల్ స్కాన్ పెట్టా, అదీ ఏమీ లేదంది. ఒక్క క్షణం నాదే అనుమానమేమో అనిపించింది కూడా. ఎందుకో ఎక్స్‌క్లూజన్స్ పేజీ తెరిచా, అంటే డిఫెండర్ చూడక్కర్లేని చోట్ల లిస్టు, నేనెప్పుడూ అందులో ఏమీ పెట్టలేదు. అక్కడ ఒకే ఒక్క లైను ఉంది. సి డ్రైవ్. మొత్తం సి డ్రైవ్! కాపలావాడి కళ్ళకి గంతలు కట్టి, దొంగలెవరైనా వచ్చారా అని వాణ్ణే అడుగుతున్నానన్నమాట రెండు గంటల నించీ.

ఆ లైను తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టా, ఇది విండోస్ లేవకముందే రీస్టార్ట్‌లో నడుస్తుంది, పావుగంట పట్టింది. రెండు వైరస్‌లు దొరికాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఆటోరన్స్, అంటే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములన్నీ చూపించే టూల్, తెరిచి చూస్తే, ఏదో అప్‌డేటర్ లాంటి పేరుతో షెడ్యూల్డ్ టాస్క్ ఒకటి, గులాబీ రంగు లైనులో, అంటే దాని మీద ఏ కంపెనీ సంతకమూ లేదు, నడిచేదేమో యాప్‌డేటా ఫోల్డర్లోంచి. డిఫెండర్ పట్టుకున్న రెండిట్లో ఇది లేదు. ఇంక మూడోది ఉందో, నాలుగోది ఉందో. అక్కడితో ఫార్మాట్ అని ఫిక్స్ అయిపోయా.

నాన్నగారు గుమ్మంలో నిలబడి, "ఏరా, చెరువు లెక్కలు పోయినట్టేనా?" అన్నారు. మేత బస్తాలు, ఏ పట్టుబడికి ఎంత కౌంటు (కిలోకి ఎన్ని) వచ్చింది, అన్నీ ఎక్సెల్లో ఉన్నాయి, రెండేళ్ళవి. పోవులెండి అన్నాను గానీ నాకూ నమ్మకం లేదు.

ఆదివారం

లాప్‌టాప్‌లో లినక్స్ మింట్, అంటే విండోస్ లాంటిదే ఇంకో ఉచిత సిస్టం, దించి పెన్‌డ్రైవ్‌లో వేసి డెస్క్‌టాప్‌ని దాంతో లేపా. ఇలా చేస్తే ఆ విండోస్ లేవదు, ఫైళ్ళు మాత్రం కనపడతాయి. ఎక్సెల్ షీట్లు, ఫోటోలు, పీడీఎఫ్‌లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి లాగా. ఈఎక్స్‌ఈ, అంటే ప్రోగ్రాము ఫైలు, ఒక్కటి కూడా లాగలేదు, ఇన్‌స్టాలర్ల ఫోల్డర్ 40 జీబీ ఉంది, ప్రాణం ఉసూరుమంది, అయినా వదిలేశా. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టర్ పుణ్యాన బతికిపోయా.

ఇంకో పెన్‌డ్రైవ్, 8 జీబీది, దాంట్లో విండోస్ 11. ఈ సిస్టంకి పనికిరాదని ఇన్నాళ్ళూ విండోస్ 10 మీదే ఉన్నా, దానికేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. తీరా బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్తే పీటీటీ అని ఒక ఆప్షన్ ఆఫ్‌లో ఉంది, విండోస్ 11 అడిగే టీపీఎం అనే భద్రతా సదుపాయం ఇంటెల్ బోర్డుల్లో అదే, ఆన్ చేశా, ఒప్పేసుకుంది. ఇన్‌స్టాల్‌లో పార్టిషన్లన్నీ డిలీట్ కొట్టి ఖాళీ డిస్క్ మీదే వేశా. "నా ఫైళ్ళు ఉంచు" అనే రీసెట్ జోలికి పోలేదు.

మంగళవారం

అడ్మిన్ అకౌంట్ వేరే, రోజూ వాడేది స్టాండర్డ్. ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా పాస్‌వర్డ్ అడుగుతోంది, విసుగే, కానీ ఆ రాత్రి ఈ విసుగుంటే ఆగేవాణ్ణేమో. పాస్‌వర్డ్లు బిట్‌వార్డెన్ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మార్చా, బ్రౌజర్లో సేవ్ చెయ్యడం బంద్. ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్, 30 సెకన్లకో కోడ్. ఫోన్ చెరువులో పడితే ఏంటని (ఒకసారి పడింది) బ్యాకప్ కోడ్లు కాయితం మీద రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం మధ్యలో పెట్టా, ఆ పుస్తకం ఇంట్లో ఎవరూ పోగొట్టరు.

వైఫై బాక్స్ కూడా చూశా, బ్రౌజర్లో 192.168.1.1 కొడితే యూజర్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మిన్, పెట్టినప్పటి నించీ అలాగే ఉంది. మార్చా, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరే డబ్ల్యూపీఎస్ ఆపా, సైటు పేరు కొడితే ఎక్కడికి వెళ్ళాలో చెప్పే డీఎన్ఎస్ ఎవరైనా మార్చారేమో చూశా, మార్చలేదు.

బుధవారం

ఫ్యాన్ చప్పుడు లేదు. నాన్నగారి షీట్లు స్కాన్ చేశాకే తెరిచా, అన్నీ ఉన్నాయి. హార్డ్‌డిస్క్ పని అవగానే పీకేసి పక్కన పెట్టేస్తున్నా.

ఫ్లెక్సీ ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లో చేశా, అది ఫ్రీ. పేరుకి రామభద్ర ఫాంటు, కింద వివరాలకి మండలి, రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నవే. షాపతను తన దగ్గర ఆ ఫాంట్లు లేవన్నాడు, అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి, ఫాంటుతో పనిలేని బొమ్మలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి పీడీఎఫ్ ఇచ్చా, ఒత్తులు చెదరకుండా వచ్చింది. అక్క చూసి, పిల్ల ఫోటో ఇంకొంచెం పెద్దది చెయ్యమంది.