ప అంటే పుంటికూర

మా క్లాసు పావు తక్కువ మూడింటికి మొదలవుతుంది. ఆ టైము నేను పెట్టింది కాదు, హాస్టల్ మెస్సు పెట్టింది. మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు తోమి, బండలు కడిగేసరికి రెండున్నర దాటుతుంది. నాలుగింటికి మళ్లీ టీ పాలు పొయ్యి మీదకెక్కాలి. మధ్యలో మిగిలిన గంట మాది. అందులోనూ ఓ పది నిమిషాలు కాళ్లు చాపుకుని ఊరికే కూర్చోవడానికి పోతాయి. పోనివ్వాలి. పొద్దున ఐదింటి నుంచి నిలబడ్డ కాళ్లవి.

నేను హైదరాబాదులో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. బైండింగుకి పంపే ముందు పాత పేపర్లు పేర్చిపెట్టే గది ఒకటుంది, వెనకవైపు. 2022 సెప్టెంబరు నుంచి ఆ గదిలోనే పెద్దవాళ్లకి చదువు చెబుతున్నాం. మేం అంటే నేనూ, సెమిస్టర్‌కో జట్టుగా మారిపోయే నలుగురైదుగురు విద్యార్థులూ. చదువుకునేది మెస్సులో వండేవాళ్లు, హాస్టళ్లు ఊడ్చేవాళ్లు, ఒక తోటమాలి, ఒక సెక్యూరిటీ గార్డు. అందరూ కాంట్రాక్టు మనుషులే. పేర్లు రాయను, రాయొద్దన్నారు.

మాది నెల్లూరు జిల్లా. 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు మా అమ్మ మా వీధికి వాలంటీరు. నాకప్పుడు పదకొండేళ్లు. రాత్రి అన్నాలయ్యాక మా వరండాలో పలకలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లకి సుద్దముక్కలు పంచడం నా డ్యూటీ. ఆ జిల్లాలోనే దూబగుంటలో, అలా చదువుకోడానికి కూర్చున్న ఆడవాళ్లే సారా అంగడి మీదకి వెళ్లడం, ఆ గొడవ ఊరూరా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం రావడం మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ. అది విని విని, అక్షరాలు నేర్పితే చాలు, ఏదో పెద్దదే జరిగి తీరుతుందని నాకో నమ్మకం పట్టుకుంది. మా క్లాసులో మొదటి నెలలో జరిగిందేమిటంటే, వచ్చిన పద్నాలుగు మందిలో ఐదుగురు మానేశారు.

తప్పు నాదే. పుస్తకాల షాపుకెళ్లి చిన్నపిల్లల అక్షరమాల చార్టు కొనుక్కొచ్చి గోడకి అంటించాను. అ అమ్మ, ఆ ఆవు. చపాతీలు చేసే పెద్దమ్మ దాన్ని కాసేపు చూసి, "ఆవు నాకు తెల్వదా మేడం? పెండ్లి గాకముందు రెండావులు, నాలుగు బర్లు నేనే పిండేది" అంది. నవ్వుతూనే అంది. మర్నాడు రాలేదు. నలభై ఏళ్లు దాటిన మనిషిని చిన్న బల్ల మీద కూర్చోబెట్టి ఆవు బొమ్మ చూపించడం ఎంత అవమానమో నాకు తట్టనేలేదు.

ఆ చార్టులో గ దగ్గర గోంగూర కట్ట ఉంది. మా వాలంటీరు కుర్రాడిది గుంటూరు. కర్ర పెట్టి చూపించి "ఇదేంటి?" అన్నాడు. నలుగురూ ఒక్కసారే "పుంటికూర" అన్నారు. "కాదు, గోంగూర" అన్నాడు వాడు. "గోంగూర మీ దిక్కు బిడ్డా, మా దిక్కు పుంటికూరనే" అంది ఊడ్చే ఆమె. వాడికి ఏం చెయ్యాలో తోచక నా వైపు చూశాడు. ఆమె మాత్రం వదల్లేదు. "మరి పుంటికూరకు ఏ అక్షరం?" అని అడిగింది. ఆ రోజు ఆ గదిలో అందరికీ వచ్చిన అక్షరం ప. ఇంకేం రాలేదు. కానీ అదే, వాళ్లు అడిగి నేర్చుకున్న మొదటి అక్షరం.

చార్టు తీసేశాను. అందులో సొరకాయ ఉంది, వీళ్లకది అనపకాయ. బంగాళాదుంప ఉంది, వీళ్లకది ఆలుగడ్డ. తెలిసిన కూరగాయని తెలియని పేరుతో పిలిచి, ఆ పేరులోంచి తెలియని అక్షరాన్ని లాగడం. ఎవరికి మాత్రం వస్తుంది?

బ్రెజిల్‌లో పావ్లో ఫ్రేరి అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో మూడొందల మంది కూలిపని వాళ్లకి నలభై గంటల్లో చదువు చెప్పాడని, వాళ్ల పనిలోంచీ ఇళ్లలోంచీ వచ్చిన మాటలతోనే మొదలుపెట్టాడని మా లైబ్రరీలో పుస్తకాలున్నాయి. వాటికి బార్‌కోడ్ అంటించింది కూడా నేనే. చదివింది మాత్రం పుంటికూర తర్వాతే.

మా దగ్గర వాచకం ఎక్కడుందంటే, మెస్సు గుమ్మం పక్కన ఉంది. ఆ రోజు వంటలు సుద్దతో రాసే నల్లబోర్డు. వండింది వాళ్లే కాబట్టి దాని మీద ఏం రాసుందో చదవకముందే తెలుసు. ఏ గీత ఏ శబ్దమో పోల్చుకోవడమే మిగిలింది. చారు, పెరుగు, కూర సులువుగా వచ్చేశాయి. కానీ మన తిండిలో ఒత్తులెక్కువ. పప్పు, ఉప్పు, అన్నం, గుడ్డు. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, తర్వాత గుణింతాలు, చిట్టచివర ఒత్తులు అనే వరస ఆ బోర్డు దగ్గర పనిచెయ్యదు. అన్నం లేకుండా ఏ రోజు బోర్డు రాస్తారు? ఇంకో చిక్కు, న కింద వచ్చే ఒత్తుకి న పోలికే ఉండదు, మ ఒత్తూ త ఒత్తూ అంతే. డ ఒత్తు మాత్రం అచ్చం డ లాగే, తలకట్టు లేకుండా కిందకి దిగుతుంది. అందుకే మేం గుడ్డు వండే రోజున ఒత్తులు మొదలుపెడతాం. ఇది ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పలేదు, మెస్సు మెనూ చెప్పింది.

పేర్లతో మొదలుపెడదామని కూడా చూశాం. లక్ష్మి పేరుతో మా క్లాసులో ముగ్గురున్నారు. తెలుగులో ఉన్న ఒత్తుల్లో ఇంతకన్నా పెద్ద మూట లేదనుకుంటా, క కింద ష, ష కింద మ. పాపం, తల్లిదండ్రులకేం తెలుసు. బాలమణి అని పేరున్నామె ఒక్క పూటలో రాసేసి వాళ్లని ఉడికించింది.

రెండో నెలలో ఇంకో విషయం బయటపడింది. ప, వ తేడా ఎంత చెప్పినా పట్టుకోలేకపోతున్న ఒకామెకి చదువు రాక కాదు, కళ్లకి ఆనక. చత్వారం. పుస్తకాన్ని బారెడు దూరం జరిపి పట్టుకుంటుంటే మేం సిగ్గేమో అనుకున్నాం. ఎవరూ ఎప్పుడూ కళ్లు చూపించుకోలేదు. చదవని మనిషికి చదివే కళ్లద్దాలెందుకని వాళ్లే అనుకున్నారు. 2023 జనవరిలో, ప్రభుత్వం ఉచితంగా కళ్లు పరీక్షించి అద్దాలిచ్చే కంటి వెలుగు రెండో విడత మొదలయ్యాక అందర్నీ వెంటబెట్టుకుని వాళ్ల బస్తీలో పెట్టిన క్యాంపుకి వెళ్లాం. ఎనిమిది మందికి అద్దాలొచ్చాయి. నేను నాలుగు నెలలు గొంతు చించుకుని చెప్పిన దానికన్నా ఆ ఎనిమిది జతల అద్దాలు ఎక్కువ చదువు చెప్పాయి. ఇది చెప్పుకోవడానికి కాస్త నామోషీగానే ఉంది.

వాలంటీర్ల గురించి ఎక్కువ రాయను. మంచి పిల్లలు. ఆగస్టులో పదిమంది వస్తారు, ఇంటర్నల్స్ అనగానే నలుగురు మిగులుతారు. కొందరు ఫొటో కోసం వస్తారు, తెలిసిపోతుంది. బోర్డు వైపు కాకుండా ఫోన్ వైపు తిరిగి నిలబడతారు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసే ఒక అబ్బాయి మాత్రం మూడేళ్లుగా ఒక్క సోమవారం మానలేదు. వాళ్లమ్మకి చదువు రాదని ఒకసారి మాటల్లో అన్నాడు, ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

అసలు రాయాలనుకున్నది జీతం చీటీ గురించి. గిన్నెలు తోమే ఒకామె మొదటి నుంచీ అక్షరాల మీద పెద్ద ఆసక్తి చూపించేది కాదు. గోడకి ఆనుకుని కూర్చునేది. ఒకరోజు ఏజెన్సీ వాళ్లిచ్చిన చీటీ, దాంతోపాటు ఇంట్లో గోడకుండే క్యాలెండరూ తెచ్చింది. క్యాలెండరులో ఆమె పనికొచ్చిన ప్రతి తేదీ మీదా బొగ్గుతో చుక్క. లెక్కపెడితే ఇరవయ్యారు. చీటీ ఇంగ్లిషులో ఉంది. "ఇండ్ల నా దినాలు ఎక్కడున్నయో చూపియ్యి, చాలు" అంది. మూడో గడి చూపించాం. అందులో 24 అని ఉంది. ఆమెకి అంకెలు మొదటి నుంచీ వచ్చు, బస్సు నంబర్లూ నోట్లూ ఎవరు నేర్పాలి? ఏ అంకె దేనిదో తెలియకే ఇన్నాళ్లూ ఊరుకుంది. మరో గంటలో పీఎఫ్ గడి ఏదో, చేతికొచ్చే గడి ఏదో కూడా పట్టేసింది. మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరికి రెండు కాగితాలూ పట్టుకుని ఆమే వెళ్లింది. కంప్యూటర్ తప్పన్నాడట. తర్వాతి నెలలో రెండు రోజుల డబ్బూ కలిసింది.

ఆ వారం మా గదిలో చోటు చాల్లేదు. ప్రతివాళ్ల చేతిలో ఒక చీటీ. ఆ పై వారం నుంచి సరిగ్గా రెండున్నరకి మెస్సులో ఉల్లిగడ్డలు పొట్టు తీసే పని కొత్తగా పుట్టుకొచ్చింది. ఎన్ని వలిచినా తరగని ఉల్లిగడ్డలు, మూడు వారాలు. ఎవరినీ అనను. హాస్టల్ పిల్లలే చివరికి వార్డెన్ దగ్గర గొడవపడితే, ఉల్లిగడ్డలు ఉన్నట్టుండి అయిపోయాయి.

క్లాసు మళ్లీ మొదలైంది కానీ చీటీ తెచ్చినామె రాలేదు. కనబడితే అడిగాను. "నాకు గావలసింది అయిపోయింది మేడం. మనుమరాలిని చూసుకోవాలె" అంది. అప్పుడు నాకు చాలా కష్టమనిపించింది. ఇంకొక్క ఆరు నెలలు వస్తే ఉత్తరం రాసేది కదా అని. ఆమె ఎవరికి ఉత్తరం రాయాలి? అది నా కోరిక.

సెప్టెంబరు 8 అక్షరాస్యతా దినోత్సవానికి ఆఫీసు నుంచి ఏటా ఒక ఫారం వస్తుంది. చేరినవారు ఎందరు, పూర్తిచేసినవారు ఎందరు. కిందటిసారి ముప్పయ్యొకటి, ఆరు అని రాశాను. "డ్రాపౌట్ చాలా ఉందండీ" అన్నారు. నిజమే. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి కూడా. చదవడం వచ్చి రాయడం రాకపోతే అక్షరాస్యుల కింద రారు. చీటీ చదివి రెండు రోజుల కూలి వెనక్కి రాబట్టినామె ఆ ఫారంలో ఏ గడిలోనూ పట్టదు. అందుకని నాకోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఏం కావాలని వచ్చారు, దొరికిందా, రెండే గడులు. మానేసిన ఇరవయ్యయిదు మందిలో పదకొండు మందికి కావలసింది దొరికాకే మానేశారు. ఐదుగురు ఏజెన్సీ మారినప్పుడు పనే పోయి వెళ్లిపోయారు. నలుగురివి ఇంటి ఇబ్బందులు. ఐదుగురిని నా ఆవు బొమ్మ తరిమేసింది.

ఆ పదకొండులో గార్డు ఒకడు. గేటు దగ్గర బండి నంబర్లు రిజిస్టర్‌లో రాయాలి, ఇంగ్లిషు అక్షరాలు రావు. తలుపు పక్కనే కూర్చునేవాడు, ఎవరైనా చూస్తే పేపరు కోసం వచ్చాననేవాడు. టీ, ఎస్ బాగా కుదిరాక వెళ్లిపోయాడు. 2024 మార్చిలో కొత్త బండ్లకి టీజీ అని మారింది. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చాడు. "ఒక్క అక్షరం మేడం, పది నిమిషాలు" అన్నాడు. పది నిమిషాలే పట్టింది.

బతుకమ్మ సెలవుల తర్వాత ఈసారి ఇద్దరు కొత్తగా చేరారు. ఒకామె హాస్టల్లో బాత్రూములు కడుగుతుంది. ఏం కావాలని వచ్చావమ్మా అంటే చెప్పలేదు. నోటుబుక్కులో ఆ గడి ఖాళీగానే ఉంది. జాకెట్లో దాచుకునే చిన్న పర్సులో మడతలు పడ్డ కాగితం ఒకటి ఉంటుంది, రోజూ క్లాసు అయిపోయేటప్పుడు బయటికి తీస్తుంది. మాకు కనబడకుండా గోడ వైపు తిరిగి, తెలిసిన అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ పోతుంది, మళ్లీ మడిచి పెట్టేస్తుంది. చేతిరాత, నీలం సిరా, అంతవరకే నేను చూశాను. నేను చదివి పెట్టనా అని ఒకసారి అడిగితే వద్దని తల ఊపింది. ఇప్పటికి గుణింతాలు సగం అయ్యాయి. సోమవారం మెస్సులో గుడ్డు.