పోలీసుల్లా వస్తావమ్మా నువ్వు

మా అమ్మాయి నన్ను వీడియో గేములో పోలీసులతో పోల్చింది. వాళ్ల అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడటం మానేసి చాలా వారాలైంది, ఎందుకే అని నిలదీస్తే "నాలుగు ముక్కలు మాట్లాడేలోపు ఎన్నిసార్లు ఆపుతావో నీకు తెలుసా? మిర్రర్స్ ఎడ్జ్‌లో పోలీసులు కూడా అంతే, మంచి ఊపులో పరిగెడుతున్నప్పుడే అడ్డం వస్తారు" అంది. ఇదంతా స్వీడిష్‌లో. ఇంట్లో తెలుగే మాట్లాడాలి కదా అని అనబోయి, అది చెప్తున్నదే ఆ సంగతని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అది చెప్పింది అబద్ధమేం కాదు. "అమ్మమ్మా, నిన్న నాన్న లేటుగా వచ్చింది" అంటుంది, నేను వంటింట్లోంచే "వచ్చింది కాదే, వచ్చారు" అని అరుస్తాను. "నీల్లు" అంటే "నీళ్లు" అంటాను. అవతల మా అమ్మ తెనాలిలో చెవి దగ్గర ఫోను పెట్టుకుని, ఏం చెప్పబోయిందో అని పాపం ఎదురుచూస్తూ ఉంటుంది.

సరే, ఆ పోలీసులు నిజంగా అంత దుర్మార్గులా చూద్దామని, అది పడుకున్నాక దాని లాప్‌టాప్ తీశాను. వాదనలో గెలవడానికే, వేరే సదుద్దేశం ఏమీ లేదు. దానికి మామూలు రోజుల్లో గంటకు మించి ఆట లేదు, నాకు మాత్రం అర్ధరాత్రి దాటింది.

ఇది 2008లో వచ్చిన పాత ఆట. చేసింది డైస్ అనే స్టూడియో, మేముండే స్టాక్‌హోమ్‌లోనే ఉంది. కథలో ఒక నగరం, అక్కడ ఫోన్లూ మెయిళ్లూ అన్నిటి మీదా ప్రభుత్వం నిఘా, అందుకని రహస్య సమాచారాన్ని రన్నర్లు మేడల మీదుగా పరిగెత్తి చేరవేస్తుంటారు. మనం ఆడే అమ్మాయి ఫెయిత్ అలాంటి రన్నరే. పోలీసు ఉద్యోగం చేసే ఆమె తోబుట్టువు కేట్‌ని ఒక హత్య కేసులో ఇరికిస్తారు. కథ అంతకుమించి పెద్దగా పట్టుకోదు, మధ్యమధ్యలో కార్టూను బొమ్మల్లా వచ్చే సీన్లు ఎవరో వేరే ఆటలోంచి తెచ్చి అతికించినట్టుంటాయి.

కానీ పరుగు! అంతా ఫెయిత్ కళ్లలోంచే కనిపిస్తుంది. మన చేతులు ఊగుతుంటాయి, కిందికి చూస్తే మన బూట్లు. మొదటి అడుగుల్లో వేగం ఉండదు, పరిగెత్తేకొద్దీ పుంజుకుంటుంది, ఊపిరి చప్పుడు పెరుగుతుంది, గోడ మీద నాలుగడుగులు అడ్డంగా వేసి అవతలి పైపు అందుకుంటే ఈ వయసులో నాకే ఒళ్లు పులకరించింది. ఎత్తు నుంచి దూకినప్పుడు కాళ్లు నేలకి తగిలే క్షణంలో సరైన బటన్ నొక్కితే దొర్లి లేచి అదే వేగంతో సాగిపోతాం, మిస్సయితే తూలి వేగమంతా పోతుంది. పట్టు తప్పి పడితే చెవుల్లో గాలి హోరు, నేల తగిలిన చప్పుడు, అంతే. మొదటి రోజు కళ్లు తిరిగి సోఫాలో వాలిపోయాను. తెర మధ్యలో ఉండే చిన్న చుక్క అలా కాకుండా ఉండటానికేనని తర్వాత తెలిసింది, దాన్నే చూస్తూ ఆడితే కాస్త నయం.

వెళ్లాల్సిన దారిలోని తలుపో పైపో ఎర్రగా మారి దారి చూపిస్తుంది. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో తీసేయొచ్చు. మా అమ్మాయి తీసేసి ఆడుతుంది, నేను ఉంచుకునే ఆడతాను.

ఇక ఆ పోలీసులు. దాని మాట ముమ్మాటికీ నిజం. తలుపు తోసుకుని ఒక హాల్లోకి వెళ్లగానే తుపాకులతో నలుగురు. ఫెయిత్ నాలుగు గుళ్లు తగిలితే పడిపోతుంది, తప్పించుకుందామంటే దారేదో చూసుకునే టైం ఉండదు. వాళ్ల ఆయుధం ఎర్రగా మెరిసిన క్షణంలో లాక్కోవచ్చు, కానీ అందులో గుళ్లు అయిపోతే మళ్లీ నింపుకోవడం లేదు, పెద్ద తుపాకీ పట్టుకుంటే సరిగ్గా పరిగెత్తనూ లేము. పరుగు కోసం పుట్టిన ఆటని తీసుకెళ్లి కుస్తీ బరిలో నిలబెట్టారు. ఎవరినీ కాల్చకుండా ఆట మొత్తం ముగిస్తే ఒక బహుమతి ఉంది, మా అమ్మాయి దానికోసమే తంటాలు పడుతోంది. పిల్లకి హింస వద్దని ఏళ్లుగా నీతులు చెప్పిన నేను మాత్రం రెండో హాల్లోనే విసుగొచ్చి కాల్చేశాను. దానికి చెప్పలేదు.

ఇక్కడిదాకా వచ్చాక, పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో ఆపకండి, పూర్తి చేయనివ్వండి అని నలుగురికీ రాద్దామనుకున్నాను. రాయబోతే అనుమానం వచ్చింది. ఈ ఆట తప్పుల్ని ఊరికే వదలదు కదా. ఒక్క గెంతు సరిగ్గా కుదిరేదాకా పదేపదే చంపుతుంది. అయినా దానిమీద పిల్లకి కోపం రాదు. పడిన మరుక్షణం కాస్త వెనకనుంచి మళ్లీ మొదలు, మధ్యలో ఒక్క మాట ఉండదు. నా దిద్దుబాటు అలా కాదు, "ఎన్నిసార్లు చెప్పాలే, మీ పిన్ని పిల్లలు చూడు ఎంత చక్కగా మాట్లాడతారో" అని ఒక తోక ఉంటుంది. ఆ తోక తీసేస్తే సరిపోతుందా, అసలు దిద్దడమే మానాలా?

మానేస్తే ఏమవుతుందో అని కూడా భయమే. ఆ భయం పుట్టించిందీ ఆటే. 2016లో ఈ ఆటకి క్యాటలిస్ట్ అని ఇంకోటి వచ్చింది. తుపాకులు వద్దని గొడవపెట్టినవాళ్లందరి మాటా విన్నట్టున్నారు, ఫెయిత్ చేతికి తుపాకీయే లేకుండా చేశారు, నగరమంతా తెరిచేసి ఎటైనా పో అన్నారు. పైగా మొదటి ఆటలో మొదటి నిమిషం నుంచీ చేతిలో ఉన్న విన్యాసాల్లో కొన్నిటికి తాళం వేసి పాయింట్లు సంపాదించుకుని తెరుచుకో అన్నారు. దాంట్లో చక్కటి పరుగులు లేవనను, కానీ ఒకే వీధుల్లో అటూ ఇటూ తిరిగి తిరిగి నాకు చప్పగా అనిపించింది. ఇరుకు దారీ చెమటలు పట్టించే గెంతులూ ఉన్న పాతదే నాకు నచ్చింది. మా అమ్మాయికి కొత్తదే ఇష్టం. "నీకు ఎవరో ఒకరు ఇటు పో అని చెప్తూ ఉండాలి" అంది. నేను ఒప్పుకోలేదు, దాదాపు గంటసేపు వాదించుకున్నాం, అదీ సగం తెలుగులోనే, నేనేదీ దిద్దినట్టు గుర్తు లేదు.

మొన్న ఆదివారం అదే ఫోను చేసింది, నేను పళ్లు బిగబట్టి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. "అమ్మమ్మా, తాతయ్య నిద్రపోయిందా?" అని అడిగింది. "ఏమే, మీ తాతయ్య ఆడమనిషి ఎప్పుడయ్యాడే?" అంది మా అమ్మ. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. అదే మాట నేనంటే పోలీసులు.