పదో వంతు నేల, తొహు వైన్

పోయిన శనివారం రాత్రి భోజనానికి వచ్చిన మిత్రుడొకరు తొహు సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ సీసా తెచ్చారు. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ పేరును దుకాణాల అరల్లో చూడటమే గాని, అది ఈ దేశపు మూలవాసులైన మావోరీల సొంత సంస్థ తయారుచేసే వైన్ అని నాకు అప్పటిదాకా తెలియదు. మూత తిప్పి గ్లాసులో పోయగానే ముందుగా పచ్చి జామకాయ కోసినప్పటి వాసన వచ్చింది. కాసేపాగి మళ్ళీ చూస్తే, టమాటా మొక్క ఆకు తుంచినప్పుడు వేళ్ళకు అంటుకునే పసరు వాసన. నోట్లో గట్టి పులుపు, చివరన పలచని ఉప్పదనం. కారం తగ్గించి వేయించిన చేపముక్కలకు ఆ పులుపు ఎంతో చక్కగా అమరింది.

ఈ వైన్‌కు పేరు తెచ్చిన ద్రాక్ష దక్షిణ ద్వీపంలో, మార్ల్‌బరో ప్రాంతపు ఆవతెరె లోయలో పండుతుంది. మావోరీ భాషలో ‘ఆవ’ అంటే నది, ‘తెరె’ అంటే వడి. ఆ వైపున 2,885 మీటర్ల ఎత్తున తపువాయె ఒ ఉయెనుకు శిఖరం కనిపిస్తుంది. పక్కనున్న వైరావు లోయ కంటే ఇక్కడ చలీ గాలీ ఎక్కువ కావడంతో కాయ నిదానంగా పండుతుంది, పండినా పులుపు చావదు. చార్డొనే ద్రాక్షతో చేసి, సీసాలోనే రెండోసారి పులియబెట్టే ‘రేవా’ అనే బుడగల వైన్ కూడా వీరిదే. అది నేనింకా రుచి చూడలేదు.

రుచి సంగతి అలా ఉంచితే, నన్ను నిజంగా కదిలించింది ఆ నేల కథ. 1839లో న్యూజిలాండ్ కంపెనీ అనే ఆంగ్లేయుల సంస్థ దక్షిణ ద్వీపపు ఉత్తర కొసన భూములు కొంటూ, కొన్న దానిలో పదో వంతును మావోరీ సొంతదారుల కోసం విడిచిపెడతామని మాట ఇచ్చింది. నెల్సన్ ప్రాంతంలో ఆ లెక్కన 15,100 ఎకరాలు రావలసి ఉండగా, అసలు కేటాయించింది 5,100 ఎకరాలే. ఆ కేటాయించిన నేల కూడా సొంతదారుల చేతికి రాలేదు. ప్రభుత్వమే దాన్ని వలసదారులకు శాశ్వత కౌలుకు ఇచ్చింది. కౌలు ధర 21 ఏళ్ళకొకసారి మాత్రమే మారేది, కనుక భూమి విలువ ఎంత పెరిగినా సొంతదారులకు దక్కేది స్వల్పమే. మనలో కౌలు వ్యవహారం తెలిసిన ఏ రైతుకైనా ఈ అన్యాయం విడమరచి చెప్పనవసరం లేదు.

1977లో ఆ సొంతదారుల వారసులంతా కలిసి వకతూ సంస్థను స్థాపించుకుని, మిగిలిన భూములను తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. నేడు అందులో సుమారు 4,000 మంది వాటాదారులున్నారు. 1998లో మరి రెండు మావోరీ భూసంస్థలతో కలిసి వకతూ మొదలుపెట్టినదే తొహు. ‘తొహు’ అంటే గురుతు. రావలసిన పదో వంతు కోసం వారు కోర్టుకు కూడా వెళ్ళారు. ఆ భూముల విషయంలో సొంతదారుల పట్ల ప్రభుత్వానికి ధర్మకర్త వంటి బాధ్యత ఉండేదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ద్రాక్ష ఈ దేశపు మొక్క కాదు. 1819లో శామ్యూల్ మార్స్‌డెన్ అనే మతప్రచారకుడు కెరికెరిలో తొలి తీగలు నాటించాడు. బయటివారి వెంట వచ్చిన మొక్క ఇప్పుడు మావోరీల సొంత తోటల్లో కాస్తోంది. నెల్సన్ దగ్గర అప్పర్ మౌటెరెలోని తోటకు వారు పెట్టిన పేరు ‘ఫెనువా మతువా’. ‘ఫెనువా’ అంటే నేల, బిడ్డతోపాటు వచ్చే మాయకూ అదే మాట. ఆ మాయను తమ నేలలోనే పాతిపెట్టడం మావోరీల ఆచారం. ఆ ఒక్క మాట తెలిశాక, పదో వంతు కోసం వారు తరతరాలుగా ఎందుకు పట్టు వదల్లేదో నాకు అర్థమైంది.

వకతూ 500 ఏళ్ళ ప్రణాళిక ఒకటి రాసుకుంది. ఒక ద్రాక్ష తీగ బాగా కాసేది ముప్పై నలభై ఏళ్ళు. అంటే అదే నేలలో పదిసార్లకు పైగా తీగలు పీకి, మళ్ళీ నాటవలసి ఉంటుంది. నాటేది ఇప్పటి వాటాదారుల మనవలు, మునిమనవలు, వారి తరువాతి వారు.