ఫ్యాన్ ఆపి చేసిన ఆల్బమ్

నిన్న సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర బజ్జీలు తింటుంటే, మా జూనియర్ ఒకడు నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాడు. "నా ఆల్బమ్ అన్నా. ఆరు పాటలు. మధ్యలో మార్చొద్దు" అన్నాడు. వాడు పాడతాడనే నాకు తెలీదు!

కిటికీకి బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపేసి ఇంట్లోనే రికార్డు చేశాడట. మే నెలలో, కర్నూల్లో! మూడో పాటలో వెనక ఎక్కడో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. తీసేయలేదేంరా అంటే, "అమ్మ కూడా ఉండాలి కదన్నా" అని నవ్వాడు.

నాలుగో పాట బాగా సాగదీశాడు, అది వాడికీ చెప్పాను. రెండోది మాత్రం పొద్దున్నుంచి నన్ను వదలట్లేదు. స్పాటిఫైలో ఏడాదిలో 1,000 సార్లన్నా వినకపోతే ఆ పాటకు పైసా రాదు, 2024 నుంచి ఇదే రూలు. వాడిదింకా రెండొందలు దాటలేదు. అందులో పదకొండు నావే.